గుమ్మలూరు బండికి కనీస సిబ్బంది

పేర్రాజుకి రాయడం వచ్చు. ఆ లైను మీద జనం పడ్డ పాట్లన్నీ అక్కడినుంచే మొదలయ్యాయి.

కడలి పేర్రాజు గుమ్మలూరు నుంచి కొత్తరేవు వెళ్ళే రైలుకి డ్రైవరు. రైలంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒకటే పెట్టె. డ్రైవరు సీటుతో కలిపి యాభై ఆరు సీట్లున్న రైల్ బస్సు. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, ఏడు హాల్టులు. దారి పొడుగునా కొబ్బరితోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు. పొద్దున్న ఏడుంబావుకి బయలుదేరి తొమ్మిదికల్లా కొత్తరేవు చేరేది, సాయంత్రం తిరిగొచ్చేది. సిబ్బంది అంటే పేర్రాజు ఒక్కడే. తనే నడిపేవాడు, తనే టిక్కెట్లు ఇచ్చేవాడు, రోడ్డు అడ్డం వచ్చినచోట తనే దిగి గేటు వేసి, బండిని దాటించి, మళ్ళీ దిగి వెనక్కి నడిచి గేటు తీసేవాడు. పద్దెనిమిదేళ్ళుగా అలాగే జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

తీరిక దొరికితే అర్జీలు రాసేవాడు. పింఛను ఆగిపోయినవాళ్ళకీ, రేషను కార్డులో పేరు తప్పు పడ్డవాళ్ళకీ ఊరికే రాసిపెట్టేవాడు. అయితే మామూలు మాటల్లో రాయడు. ‘నా పింఛను రాలేదు’ అని చెప్పడానికి ‘జీవన సంధ్యాసమయమున ఆలంబన లుప్తమైన అభాగ్యుడను’ అని మొదలుపెట్టేవాడు. ఆ అర్జీల వల్ల పనులు జరిగేవి కావుగాని, చదివిన గుమాస్తాలు మెచ్చుకునేవారు. పేర్రాజుకి ఆ మెప్పు చాలు. పింఛను రానివాళ్ళకి చాలదన్న సంగతి అతనికి తట్టేది కాదు.

ఒక ఫాల్గుణమాసంలో మేనల్లుడి ఇంట గృహప్రవేశానికి వెళ్ళి పనసపొట్టు కూర మూడుసార్లు వడ్డించుకున్నాడు. మర్నాడు పొద్దున్న బండి చినలంక హాల్టు దాటి రొయ్యల చెరువుల మధ్యకి వచ్చేసరికి కడుపు తన మాట వినడం మానేసింది. బ్రేకు వేశాడు. "ఒక్క నిమిషం అండి" అని జనానికి చెప్పి చెరువు గట్టు వెనక్కి వెళ్ళాడు. ఆ ఒక్క నిమిషం పదకొండు నిమిషాలైంది.

తిరిగొచ్చేసరికి బండిలో ఉన్న నలభైమందీ గట్టు లేని వైపు కిటికీల్లోంచి చాలా శ్రద్ధగా కొంగల్ని చూస్తున్నారు. అదే ఎక్కువ బాధించింది. ఎండుచేపలు అమ్ముకునే వీరమణి మాత్రం గంప పక్కనుంచి సీసా తీసి మజ్జిగ ఇచ్చింది.

"తాగండి బాబుగారూ, సలవ సేత్తది. మనుసులన్నాక వత్తుంటాయి" అంది.

మజ్జిగ దిగింది గాని సిగ్గు దిగలేదు. కొత్తరేవు చేరగానే విశ్రాంతి గదిలో కూర్చుని డివిజన్ ఆఫీసుకి అర్జీ రాశాడు. నిజానికి అతనికి కావలసింది గేట్లు వేయడానికీ, అవసరమైతే పది నిమిషాలు బండి దగ్గర ఉండటానికీ ఒక మనిషి. ఆ మాట నాలుగు వాక్యాల్లో అయిపోయేది. కాని కడుపు అనే ముక్క కాగితం మీద పడకూడదు. అందుకని ఇలా రాశాడు:

‘మానవుడు యంత్రము కాడు. ఎంతటి సమర్థుడైనను, ఏ క్షణమున ఏ అనివార్య కారణమున తన స్థానమును వీడవలసి వచ్చునో విధాత సైతము చెప్పజాలడు. కావున ఏ మనిషినీ ఒంటరిగా నమ్మరాదు. ఒక్కరు చాలరు. రెండవ మనిషి లేని రైలు దైవాధీనమైన రైలు.’

ఇంటికొచ్చి భార్య సూర్యావతికి చదివి వినిపించాడు. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ విని, "పనసపొట్టు అరగలేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదండీ" అంది.

"నీకు తెలీదే. ఆఫీసువాళ్ళకి చెప్పే తీరులో చెప్పాలి."

ఆ తీరులోనే చెప్పడం వల్ల ఏమైందంటే, అర్జీ చెత్తబుట్టలోకి పోవలసింది పోకుండా కమిటీ ముందుకి పోయింది. అప్పటికే పైనుంచి ఒక కొత్త చట్టం వచ్చి ఉంది. ప్రతి రైలులోనూ ‘తగినంత కనీస సిబ్బంది’ ఉండి తీరాలని ఆ చట్టం. తగినంత అంటే ఎంతో అందులో లేదు. ఆ అంకె తేల్చడానికి వేసిన కమిటీ పద్నాలుగు నెలలుగా కూర్చుని లేస్తోంది. అంకె మాత్రం తేలలేదు. అలాంటి సమయంలో ‘ఒక్కరు చాలరు’ అన్న మాట వాళ్ళ చేతికి దొరికింది. పేర్రాజుకి పిలుపు వచ్చింది.

డివిజన్ ఆఫీసులో భద్రతాధికారి వాడపల్లి నరహరిరావుగారు లేచి ఎదురొచ్చారు. బల్ల చుట్టూ ఇంకో ఆరుగురు పెద్దమనుషులున్నారు. పేర్రాజు అర్జీ నకలు ప్రతివాళ్ళ ముందూ ఉంది. కొందరు ఎర్రసిరాతో గీతలు కూడా గీసుకున్నారు.

"సదరు విన్నపం తమ స్వహస్తాలతో రచించినదేనా?" అని నరహరిరావుగారు అడిగారు.

"చిత్తమండి."

"ఒక్కరు చాలరు అని సెలవిచ్చారు. ఎందరు చాలుదురో సెలవివ్వలేదు."

"ఇంకొకళ్ళుంటే చాలండి. ఇద్దరం సరిపోతాం."

"త్వరపడకండి. విషయాన్ని సాకల్యంగా పరిశీలిద్దాం. బండిలో ఇద్దరున్నారు. తాము అనివార్య కారణాన స్థానం వీడారు. బండిలో మిగిలినది ఎందరు?"

"ఒకళ్ళండి."

"ఒక్కరు చాలరన్నది ఎవరు?"

"నేనేనండి."

"కావున ముగ్గురు" అని నరహరిరావుగారు బల్ల మీద వేలితో కొట్టారు. మిగతా ఆరుగురూ రాసుకున్నారు.

అక్కడితో పేర్రాజు దండం పెట్టి బయటికి వచ్చేస్తే కథ ముగ్గురితో ఆగిపోయేది. కాని పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అంతమంది ఆఫీసర్ల నడుమ కుర్చీ వేసి కూర్చోబెట్టడం అదే మొదటిసారి. తన వాక్యానికి వాళ్ళు ఎర్రసిరా గీతలు గీసుకున్నారు. తెలివైనవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు మనం కూడా ఒక తెలివైన మాట అనాలనిపిస్తుంది.

"మరి ఇద్దరికి ఒకేసారి అవసరం పడితేనండి?" అన్నాడు పేర్రాజు.

నరహరిరావుగారు కలం కింద పెట్టి, పేర్రాజుని కొత్తగా చూసినట్టు చూశారు. "ముగ్గురిలో ఇద్దరు వీడిన మిగులునది ఒక్కరు. ఒక్కరు చాలరు. నలుగురిలో ముగ్గురు వీడిన..." అంటూ ఆగి, "అయ్యా, తాము సూత్రం కనిపెట్టారు" అన్నారు.

దానికి పేర్రాజు సూత్రం అని పేరు పెట్టారు. శాలువా కప్పారు. ఇంటికెళ్ళే బస్సులో ఉక్కపోస్తున్నా పేర్రాజు శాలువా తియ్యలేదు.

మొదటి విడతగా ఇద్దరు వచ్చారు. అందులో ఒకడు కోదండం. పాతికేళ్ళవాడు, చురుకైనవాడు. గేట్లు వాడే వేసేవాడు. పేర్రాజు జన్మలో మొదటిసారిగా డ్రైవరు సీటులోంచి లేవకుండా కొత్తరేవు చేరాడు. మాట్లాడుకోవడానికి మనుషులున్నారు, ప్లాస్కులో టీ ఉంది. హాల్టులో ఎక్కినవాళ్ళతో, "ఇదంతా నా అర్జీ మహిమేనండి" అని చెప్పుకున్నాడు. జనం కూడా సంతోషించారు. మొత్తం మీద రెండు నెలలు రామరాజ్యం.

తర్వాత ఏడుగురయ్యారు. ఆ తర్వాత పద్నాలుగు, వానలు మొదలయ్యేసరికి ఇరవై ఎనిమిది. సిగ్నల్ చూసేవాడొకడు, అతను నిజంగా చూశాడా లేదా అని చూసేవాడొకడు, ఈ ఇద్దరూ మాటల్లో పడకుండా మధ్యలో కూర్చునేవాడొకడు. బ్రేకు మీద చెయ్యి వేసేవాడు పేర్రాజే, కాని ఆ చేతిని గమనించడానికి ఇద్దరున్నారు, కుడివైపున ఒకడు, ఎడమవైపున ఒకడు. తక్కినవాళ్ళు పైవాళ్ళలో ఎవరైనా దిగవలసి వస్తే ఆ స్థానంలోకి రావడానికి.

నిబంధన ఏమిటంటే, సిగ్నల్ రంగు కనిపించగానే డ్రైవరు పైకి చెప్పాలి, తర్వాత ఒక్కొక్కరే వరసగా అదే రంగు చెప్పాలి. పేర్రాజు "పచ్చ" అనేవాడు. కోదండం "పచ్చ" అనేవాడు. ఆ మాట సీటు సీటుకీ పాక్కుంటూ వెనక్కి పోయేది. ఇరవై ఎనిమిదోవాడు "పచ్చ" అనేసరికి ముందు ఇంకో సిగ్నల్ ఎర్రగా కనిపించేది. వెనకనుంచి పచ్చ వినపడుతోంది, ముందు ఎరుపు కనబడుతోంది. అలాంటప్పుడు బండి ఆపి, అందరూ ఒకే రంగుకి వచ్చేదాకా ఆగాలని మరో సర్క్యులర్ వచ్చింది. గంటా ముప్పావు ప్రయాణం మూడు గంటలైంది.

సీట్ల మీద ‘సిబ్బందికి మాత్రమే’ అని తెల్లరంగుతో రాశారు. జనం నిలబడ్డారు. ఒకరోజు వీరమణి గంప నెత్తిన పెట్టుకునే నిలబడి, ఇంజను చప్పుడులో కూడా వినపడేలా అంది:

"ఏంటి బాబుగారూ, తవరు గట్టెనక్కి ఎళ్ళిన పాపానికి మేవందరం ఇలా నిలబడాలా?"

ఇరవై ఏడుగురు సిబ్బంది ఆ మాట విన్నారు. గట్టు సంగతి అప్పటిదాకా వాళ్ళకి తెలీదు. పేర్రాజు పట్టాల వంకే చూస్తూ నడిపాడు. అన్నట్టు, ఇప్పుడు గట్టు వెనక్కి వెళ్ళాలంటే పుస్తకంలో కారణం రాసి, సంతకం పెట్టి, ముగ్గురి అనుమతి తీసుకుని వెళ్ళాలి. అందుకని పేర్రాజు పొద్దున్న మంచినీళ్ళు కూడా తాగడం మానేశాడు. ఏ ఇబ్బంది తీరాలని అర్జీ రాశాడో ఆ ఇబ్బంది ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల పొడుగునా పెరిగింది.

కార్తీకమాసంలో సిబ్బంది సంఖ్య యాభై ఆరుకి చేరింది. సూత్రం ప్రకారం అక్కడ ఆగాల్సిన పని లేదుగాని సీట్లు అయిపోయాయి. దాంతో పాటే ఇంకో ఉత్తర్వు వచ్చింది: ‘కనీస సిబ్బంది పూర్తిగా ఆసీనులైన పిమ్మట మిగిలిన స్థలమునందు మాత్రమే ప్రయాణికులను అనుమతింపవలెను. నిలబడి ప్రయాణించుట భద్రతకు విరుద్ధము.’ మిగిలిన స్థలం లేదు. మర్నాటినుంచి రైలు జనం లేకుండా నడిచింది.

నరహరిరావుగారు నెల తిరక్కుండా అభినందన లేఖ పంపారు. సదరు శాఖా మార్గంలో ప్రయాణికులకు ప్రమాదములు శూన్యము, ఫిర్యాదులు శూన్యము, తొక్కిసలాట శూన్యము అని.

పేర్రాజుకి మాత్రం హాల్టు హాల్టునా ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. బండి ఆగేది, రూలు ప్రకారం ఒక నిమిషం ఆగాలి. ప్లాట్‌ఫారం మీద వీరమణి, కంటి ఆపరేషనుకి పోవలసిన ముసలాయన, పూలబుట్టలవాళ్ళు నిలబడి బండిలోకి చూసేవారు. బండిలోంచి యాభై ఆరుమంది వాళ్ళకేసి చూసేవారు. నిమిషం అయ్యేది. బండి కదిలేది. వాళ్ళు రోడ్డెక్కి ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని పోయేవారు. అలా ఇరవై రోజులు చూశాక పేర్రాజుకి అన్నం సయించడం మానేసింది. తన తెలివికి తనే మొట్టికాయ వేసుకుని, రెండో అర్జీ రాశాడు. సిబ్బందిని తగ్గించి జనాన్ని ఎక్కించమని.

వారంలో జవాబు వచ్చింది. ‘పైన ఉదహరించిన అర్జీపై తమరి ఒక్కరి సంతకం మాత్రమే ఉన్నది. పేర్రాజు సూత్రం ప్రకారం ఏ మనిషినీ ఒంటరిగా నమ్మరాదు. తగినంత కనీస సంతకములతో తిరిగి సమర్పించవలసినదిగా కోరడమైనది.’

తగినంత అంటే యాభై ఆరు.

ముందు కోదండాన్ని అడిగాడు. కోదండం కాగితం చదివి, మడిచి, తిరిగి ఇచ్చాడు.

"గురువుగారూ, మీరు చెప్పింది న్యాయమేనండి. కాదనను. కాని ఈ ఉద్యోగం చూసే నాకు పిల్లనిచ్చారండి. ఫాల్గుణంలో ముహూర్తం. ఇప్పుడు నేను అక్కర్లేదని నేనే సంతకం పెడితే మావగారు ఏమంటారండి?"

"ఏమంటారు మరి" అన్నాడు పేర్రాజు. ఆ కుర్రాడు ఏళ్ళ తరబడి పని లేక తిరిగి ఇక్కడ తేలాడని అతనికి తెలుసు. ఇంకెవర్నీ అడగలేదు. యాభై ఐదు ఇళ్ళలో పొయ్యి ఆర్పమని అడిగే అర్జీ ఎంత అందంగా రాసినా అర్జీయే.

కోదండం పెళ్ళి ఫాల్గుణ బహుళంలో ఒక బుధవారం వచ్చింది. వాడు అందర్నీ పేరుపేరునా పిలిచాడు. పిలవడమే కాదు, మధ్యాహ్నం విందులో బొమ్మిడాయల పులుసు ఉందని కూడా చెప్పాడు. ఆ రోజు పొద్దున్న గుమ్మలూరు స్టేషనులో హాజరు వేస్తే ఏడుగురు తేలారు, పేర్రాజుతో కలిపి. నలభై తొమ్మిదిమంది తక్కువ. స్టేషను మాస్టరు సిగ్నల్ ఇవ్వనన్నాడు.

సరిగ్గా ఆ రోజే పదో తరగతి పరీక్షలు మొదలు. పరీక్ష సెంటరు కొత్తరేవులో. ముందు రోజు సాయంత్రం కాలవ లాకుల దగ్గర రోడ్డు వంతెన కుంగి, ఆటోలూ బస్సులూ ఆగిపోయాయి. హైస్కూలు సువార్త టీచరుగారు ముప్ఫై ఒక్కమంది పిల్లల్ని వెంటబెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. వెనకాలే వీరమణీ, ఇంకో పదిహేనుమంది ఊళ్ళోవాళ్ళూ. అప్పటికి ఏడున్నర. పరీక్ష తొమ్మిదిన్నరకి.

"బండి ఖాళీగానే ఉంది కదండీ" అన్నారు టీచరుగారు.

"ఖాళీగా ఉందనేనమ్మా కదలకూడదు" అన్నాడు స్టేషను మాస్టరు. ఆ మాట చెప్పడానికి ఆయనకీ ఇష్టం లేదు. రూలు పుస్తకం ఆయన చంకలోనే ఉంది.

పిల్లలు అట్టలు గుండెకి ఆనించుకుని నిలబడ్డారు. ఒక పిల్ల ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. పేర్రాజు ఆ పిల్లని చూసి తల దించుకున్నాడు. ఇదంతా నా అర్జీ మహిమేనండి అని ఆ రోజుల్లో హాల్టు హాల్టునా చెప్పుకున్నది తనే.

"ఎంతమంది తక్కువంట బాబుగారూ?" అంది వీరమణి.

"నలభై తొమ్మిదమ్మా."

వీరమణి వేలు పెట్టి లెక్కపెట్టింది. పిల్లలు ముప్ఫై ఒకటి, టీచరుగారు, తను, ఊళ్ళోవాళ్ళు పదిహేను. "నలభై ఎనిమిది మందున్నాం. తక్కువైంది మనుసులే కదా. మేం మనుసులం కాదా ఏంటి?"

పేర్రాజు స్టేషను మాస్టరు చంకలోంచి పుస్తకం లాక్కున్నాడు. పంతొమ్మిదో నిబంధన ఉంది. ‘అనివార్య కారణమున సిబ్బంది కొరవడినచో, చూపు, వినికిడి, రంగుల గుర్తింపు గల యోగ్యులను డ్రైవరు లిఖితపూర్వకంగా నియమించుకొనవచ్చును.’ అనివార్య కారణం అన్నది తన మాటే. ఎలాగో తన అర్జీలోంచి పుస్తకంలోకి ఎక్కింది. వయసు సంగతి ఎక్కడా లేదు. ఒక మనిషి తక్కువయ్యాడు. స్టేషను ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించి, "నాకూ రంగులు తెలుసండి" అంది.

కాగితాలు పంచారు. పేర్రాజు గొంతు సవరించుకుని, ఎవరి ఉత్తర్వు వాళ్ళు రాసుకోండని చెప్పసాగాడు. "ఇందుమూలముగా సమస్తమైన వారికిని విదితము చేయునది ఏమనగా, అనివార్య పరిస్థితుల దృష్ట్యా..."

"బాబుగారూ" అన్నారు సువార్త టీచరుగారు మెత్తగా. "ఎనిమిదవుతోంది. కాస్త తేలిక మాటల్లో చెప్పండి."

పేర్రాజు ఆగాడు. తర్వాత, "నిన్ను ఈ బండి మనిషిగా వేసుకున్నాను. ఇట్లు పేర్రాజు. అంతే రాయండి" అన్నాడు. నలభై తొమ్మిది కాగితాల మీద చకచకా సంతకాలు పెట్టాడు. అంత చిన్న అర్జీగాని, ఉత్తర్వుగాని అతను జన్మలో రాయలేదు. అనుకున్నట్టు పని జరిగిన మొదటి రాత కూడా అదే.

ఎనిమిదీ ఐదుకి బండి కదిలింది. సిగ్నల్ కనిపించగానే పేర్రాజు "పచ్చ" అన్నాడు. వరసగా చెప్పాలన్న సంగతి పిల్లలకి తెలీదు. బడిలో ఎక్కం చెప్పినట్టు అందరూ ఒక్కసారే "పచ్చ" అన్నారు. తర్వాత సిగ్నల్‌కీ అంతే. ఊడ్చే ఆవిడ ప్రతి గేటు దగ్గరా దిగి గేటు వేసింది. పేర్రాజు హాల్టుల్లో ఆగకుండా, బండిని ఎన్నాళ్ళకో దాని అసలు వేగంతో నడిపాడు. వెనక పిల్లలు ఛందస్సు గణాలు వల్లె వేసుకుంటున్నారు, వీరమణి చేపల వాసన బండంతా నిండింది. అతనికి కళ్ళు చెమర్చాయి. గాలికి అనుకున్నాడు. తొమ్మిదీ పన్నెండుకి కొత్తరేవు వచ్చింది. పిల్లలు దిగి పరిగెత్తారు.

నాలుగోనాడు విచారణ. నరహరిరావుగారు స్వయంగా గుమ్మలూరు వచ్చి, నలభై తొమ్మిది కాగితాలూ బల్ల మీద పరిచి రెండు గంటలు చదివారు. ఒక్కో కాగితంలో ఒకటే వాక్యం ఉన్నా చదివారు. పేర్రాజు ఉద్యోగం పోయినట్టే అనుకుని నిలబడ్డాడు.

"నియామకములు చెల్లును" అన్నారు నరహరిరావుగారు చివరికి. "పంతొమ్మిదో నిబంధనలో నియామకమునకు ఆరంభం ఉన్నది, అంతం లేదు. తొలగించుటకు వీలు లేదు. కావున వీరందరూ సిబ్బందియే. సూత్రం మరింత బలపడినది. పెళ్ళికి వెళ్ళిన పాతవారిలో ఒకరిని మాత్రం ఇక్కడ ఉంచి, తక్కినవారిని సిబ్బంది కొరవడిన ఇతర మార్గములకు పంపెదము. అక్కడ కూడ సూత్రం అమలగును."

"మరి నేనండి?"

"తమరి సంగతి వేరు. నలభై తొమ్మిది ఉత్తర్వుల మీదా సంతకం తమరిది ఒక్కరిదే." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఒక్కరు చాలరు కదండీ. తమరి సూత్రమునే తమరు ఉల్లంఘించినారు."

పేర్రాజుని సస్పెండ్ చేశారు. కోదండం డ్రైవరయ్యాడు. కొత్త పెళ్ళికొడుకు వచ్చి పేర్రాజు కాళ్ళకి దండం పెట్టి, బండి తాళం తీసుకెళ్ళాడు.

వేసవి గడిచేసరికి లైను మీద అందరూ కుదురుకున్నారు. ఇంటరు చదవడానికి రోజూ కొత్తరేవు పోవలసిన పిల్లలకి ఇది కలిసొచ్చింది. పోతూ సిగ్నల్ చూసేవారు, వస్తూ పాఠం చదువుకునేవారు. వీరమణికి ప్రథమశ్రేణి సంకేత పరిశీలకురాలని బిళ్ళ ఇచ్చారు. ఆవిడ గంప బండిలోకి రావడానికి నిబంధన అడ్డొస్తే, భద్రతా పరికరాల పట్టికలో ‘గంప, ఒకటి’ అని చేర్చారు. ఆవిడ ఇప్పుడు ఎవర్నీ వదలదు. కోదండం రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే, "ఏం బాబూ, పెళ్ళైతే టైం మారిపోద్దా?" అని ప్లాట్‌ఫారం మీదే నిలదీసేది. పేర్రాజు ఇంటి అరుగు మీద కూర్చుని బండి కూత వినేవాడు. ఎవరైనా అర్జీ రాయమని వస్తే, చేతికి తిమ్మిరని చెప్పి పంపేసేవాడు.

శ్రావణమాసంలో నరహరిరావుగారు జీపు దిగి ఆ అరుగు మీదికే వచ్చారు. సూర్యావతి మంచినీళ్ళిచ్చింది.

"ఒక సూక్ష్మమైన చిక్కు వచ్చినది" అన్నారాయన. "పైనుంచి వార్షిక నివేదిక అడిగారు. ప్రయాణికుల సంఖ్య అని ఒక గడి ఉన్నది. మన బండిలో అందరూ సిబ్బందియే. ప్రయాణికుడు ఒక్కడు లేడు. ప్రయాణికుడు లేనిది ప్రయాణికుల రైలు కాజాలదు. రైలే కానిచో సిబ్బంది ఎందుకని అడుగుచున్నారు."

"ఎవరినైనా ఎక్కించుకోండి మరి."

"ప్రయాణికుడనగా సిబ్బంది కానివాడు. కానివాడని రుజువు కావలెను. ఆ విధముగా లిఖితపూర్వకంగా రుజువైన వ్యక్తి ఈ మార్గం మొత్తం మీద తాము ఒక్కరే." నరహరిరావుగారు చేతులు జోడించారు. "తాము దయచేయనిచో బండి ఆగును."

పేర్రాజు ఆలోచించాడు. పిల్లలు, వీరమణి, కోదండం, కోదండం మావగారు అందరూ కళ్ళ ముందు మెదిలారు. సరే వస్తానన్నాడు. అని ఊరుకోవలసింది. కాని పెద్దమనిషి చేతులు జోడించి అడిగేసరికి పాత ఉత్సాహం గొంతుదాకా వచ్చేసింది.

"నేనొక్కణ్ణే అయితే సరిపోతుందాండి?" అన్నాడు.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. నరహరిరావుగారు మెల్లగా కుర్చీలో ముందుకి జరిగారు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పేర్రాజూ సూర్యావతీ స్టేషనుకి వచ్చారు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఆ బండి ఎక్కింది మూడుసార్లు. ఆవిడ సస్పెన్షన్‌లో లేదుగాని, సస్పెండైనవాడి భార్య కాబట్టి సందేహం లేదని కమిటీ ఫోనులోనే తేల్చింది. సీట్లన్నీ సిబ్బందివే కనుక ప్రయాణికుల కోసం గుమ్మం పక్క ఖాళీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, కదలకుండా తాళ్ళతో కట్టారు. ఊడ్చే ఆవిడ వచ్చి టిక్కెట్లు అడిగి, వెలుతురికి పెట్టి చూసి ఇచ్చింది. కుర్చీలు కిటికీ పక్కనే పడ్డాయి. ఇన్నేళ్ళూ పేర్రాజు ఎదురుగా వచ్చే పట్టాలే చూశాడుగాని, పక్కన ఏముంటుందో నిదానంగా చూడలేదు. సూర్యావతి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

మొదటి రోజు కాబట్టి నరహరిరావుగారు కూడా వచ్చి, గుమ్మం దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఆ ఇద్దర్నీ తృప్తిగా చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"పేర్రాజుగారూ, ఒక్క సందేహం. ఒకవేళ ఈ ఇద్దరు ప్రయాణికులలో ఒకరు, ఏ అనివార్య కారణమున అయినా, మధ్యలో దిగవలసి వచ్చినచో..."

బండిలో యాభై ఆరుమందీ పేర్రాజు వైపు తిరిగారు. వీరమణి రెండు చేతులూ జోడించింది. పేర్రాజుకి జవాబు తెలుసు. చాలా చక్కని జవాబు. అతను నోరు తెరిచాడు.

సూర్యావతి క్యారియరు మూత తీసి, ఆ తెరిచిన నోట్లో పెద్ద పులిహోర ముద్ద పెట్టింది.

"తినండి" అంది.

పేర్రాజు నమలసాగాడు. కోదండం కూత వేశాడు.